పట్టా చదవడం వచ్చాకే స్థలం చూపించు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో ఉంటావు, బీకామ్ చేశావు, అయిదేళ్లుగా మొబైల్ షాపులో పని, ఇంట్లో తెలుగు, బయట ఒడియా, చేతిలో రెండు లక్షలున్నాయి. "రియల్ ఎస్టేట్ ఏజెంటుగా మొదలుపెడదామనుకుంటున్నాను. ఆఫీసు కావాలా, లైసెన్సు కావాలా, నెలకెంత వస్తుంది?" అని అడిగావు. బరంపురంలో నేను ఇరవై రెండేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను. వరస తప్పినా నాకు ముఖ్యమనిపించినవి చెప్తాను.

ముందు డబ్బు సంగతి. మొదటి ఆరు నెలలూ రాబడి సున్నా అనుకో. ఒక స్థలం చూపించిన రోజు నుంచి కమీషన్ చేతికొచ్చే రోజుకి మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో బేరం చెడిపోనూవచ్చు. అందుకని ఆ రెండు లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఆఫీసు అడ్వాన్సుకీ ఫర్నిచరుకీ పెట్టకు. అది మీ ఇంటి బియ్యానికీ బండి పెట్రోలుకీ. షాపు వాళ్లు ఒప్పుకుంటే సగం రోజు పని అక్కడే ఉంచుకో. కమీషన్ మామూలుగా కొన్నవాడి దగ్గర ఒక శాతం, అమ్మినవాడి దగ్గర ఒక శాతం. చిన్న బేరాల్లో రెండు శాతం దాకా అడుగుతారు. అద్దె ఇంటికైతే ఒక నెల అద్దె, లేదంటే సగం.

అద్దెలతోనే మొదలుపెట్టు. చాలామందికి ఇది నచ్చదు, నామోషీ అనుకుంటారు. నేను మొదటి ఏడాదిన్నర బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల అద్దె గదులే చూపించాను. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు, హౌస్ సర్జన్లు, బ్యాంకు బదిలీల వాళ్లు. ఒక్కొక్కరి దగ్గర వచ్చేది రెండు మూడు వేలే. కానీ ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరిది, ఎవరి కొడుకు బెంగళూరులో స్థిరపడ్డాడు, ఎవరు రేపో మాపో అమ్ముతారు అన్నది అద్దెలు తిప్పినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నా మొదటి పెద్ద బేరం కూడా అలాగే వచ్చింది. ఆ ఇంటికి నేను మూడుసార్లు అద్దెకు మనుషుల్ని తెచ్చాను. నాలుగోసారి ఆ పెద్దాయనే "ఒరే బాబూ, ఇంక అద్దె వద్దు, అమ్మి పెట్టు" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఏజెంటు పని అమ్మడం కాదు, కాగితం చదవడం. మాటకారితనం నీకు మొబైల్ షాపులోనే వచ్చి ఉంటుంది. రానిది పట్టా. మన తెలుగువాళ్లలో నూటికి తొంభై మంది ఒడియా గడగడా మాట్లాడతారు, చదవమంటే నీళ్లు నములుతారు. ఇక్కడ పట్టా అంతా ఒడియాలోనే ఉంటుంది. రెండు నెలలు కూర్చుని ఒడియా లిపి నేర్చుకో, అంకెలతో సహా. పాత చేతిరాత పట్టాల్లో ఒడియా నాలుగు మనకు 8లా కనిపిస్తుంది. ఒక్క అంకె తప్పు చదివితే పక్కవాడి ప్లాటు చూపించినట్టే.

పట్టాలో ముందు చూడాల్సింది యజమాని పేరు, తండ్రి పేరు, జాతి (అంటే కులం). ఆ తర్వాత ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, కిసమ్, విస్తీర్ణం. 'స్థితిబాన్' అని ఉంటే మామూలు సొంత హక్కు. కిసమ్ అంటే అది ఏ రకం భూమి అని. 'ఘరబారి' అంటే ఇల్లు కట్టుకునే స్థలం. 'శారద' అంటే వరిపొలం, దాన్ని ఇంటిస్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర దరఖాస్తు పెట్టాలి. 'గోచర' అంటే పశువుల మేత భూమి, ప్రభుత్వానిది. దాని జోలికే పోకు. ఎవడో పదేళ్లుగా గుడిసె వేసుకుని ఉన్నాడని అది వాడిది అయిపోదు. పట్టా నకలు భూలేఖ్ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇల్లు గల వాళ్లు చేతికిచ్చిన జిరాక్సు చూసి ఊరుకోకు, నీ ఫోన్లో నువ్వే తీసి చూడు.

కిసమ్ విషయంలో నా తలకు తగిలిన దెబ్బ చెప్తాను. పని మొదలుపెట్టిన నాలుగో ఏడు. ఊరి చివర ఒక చక్కటి ప్లాటు, తూర్పు ముఖం, రోడ్డుకి దగ్గర. పట్టాలో ఘరబారి అనే ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారికి మార్చి నెలలో చూపించాను. ఆయన ముచ్చటపడి కొనుక్కున్నారు, నాకు చెప్పిన కమీషన్ కన్నా వెయ్యి ఎక్కువే చేతిలో పెట్టారు. జూలైలో ఫోన్ వచ్చింది. "ఓసారి రా బాబూ" అన్నారు, కోపం కూడా లేదు గొంతులో. వెళ్లి చూస్తే ఆయన పంచె మోకాళ్ల పైకి ఎత్తి కట్టుకుని ఆ స్థలం మధ్యలో నిలబడి ఉన్నారు. పిక్కల దాకా నీళ్లు. సరిహద్దు రాళ్లలో రెండు కనబడడమే లేదు. కప్పలు ఒకటే గోల.

తర్వాత భూమి కొలిచే ఒక ముసలి అమీన్ని పట్టుకుని పాత రికార్డు తీయించాను. ఇక్కడ సర్వే కాగితాలకు 'సాబిక్', 'హాల్' అని రెండు ఉంటాయి. సాబిక్ అంటే వెనకటి సెటిల్‌మెంటుది, హాల్ అంటే ఇప్పటిది. హాల్‌లో ఘరబారి. సాబిక్‌లో చూస్తే చెరువు. ఎప్పుడో పూడ్చేశారు, కాగితం మారింది, నీళ్లకు మాత్రం వాటి దారి గుర్తుంది. ఆ అమీన్ నన్ను తిట్టలేదు. "స్థలంలో తుంగ మొలిచి ఉంది కదా, అది చూడలేదా నువ్వు?" అన్నాడంతే. నిజమే, మార్చిలో కూడా ఓ మూల ఎండిన తుంగ దుబ్బులున్నాయి. నేను చూశాను, గడ్డి అనుకున్నాను. మాస్టారు మట్టి తోలించుకోవడానికి పెట్టిన ఖర్చు నా కమీషన్‌కి మూడింతలు. నా కమీషన్ తిరిగి ఇచ్చేశాను, ఆయన సగమే పుచ్చుకున్నారు. అప్పటి నుంచీ ఏ స్థలమైనా సాబిక్ చూడకుండా చూపించను. వీలైతే వానాకాలంలో ఒకసారి నేనే వెళ్లి నిలబడి వస్తాను. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన వారం నేను చేసిన పని అదే, బండి వేసుకుని ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో పుస్తకంలో రాసుకోవడం. ఆ పుస్తకం ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది.

ఇక గిరిజన భూమి. ఇది సరిగ్గా చదువు, ఎందుకంటే మీ జిల్లాలో సగం తగాదా ఇక్కడే ఉంది. రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. మీ గజపతిలో పర్లాకిమిడి పట్నం కాదు గానీ గుమ్మ, రాయగడ బ్లాకులూ ఆర్.ఉదయగిరి వైపూ షెడ్యూల్డే. (రాయగడ అని రెండున్నాయి, ఒకటి జిల్లా, ఒకటి మీ జిల్లాలోనే బ్లాకు. కొత్తవాళ్లు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు, ఏదైనా ఇప్పుడు చెప్పబోయే నిబంధన మాత్రం తప్పదు.) ఇక్కడ 1956 నాటి రెగ్యులేషన్ 2 ఉంది. 2002లో దాన్ని ఇంకా బిగించారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనడానికి లేదు. ఆంధ్రాలో 1/70 అంటే ఎలా భయపడతామో ఇదీ అంతే అనుకో, రెండు చట్టాల వివరాలు మాత్రం వేరు.

"చట్టం మారిందట అన్నా, ఇప్పుడు కొనొచ్చట" అని నీ దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు. 2023 నవంబరులో ప్రభుత్వం సబ్ కలెక్టర్ అనుమతితో అమ్ముకోనిద్దామని కేబినెట్‌లో నిర్ణయించిన మాట నిజం. గొడవ రాగానే రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టారు. ఆ మొదటి సగం మాత్రమే ఊళ్లలో తిరుగుతోంది. ఇంకో దారి కూడా చెప్తారు, ఊళ్లో ఎవరో గిరిజనుడి పేరున కొని, కాగితం మనం పెట్టుకోవడం. ఆ బేరంలో నీకు రెండింతల కమీషన్ ఇస్తామంటారు. కాఫీ తాగి లేచి వచ్చేయ్. పట్టా గిరిజనేతరుడి పేరున ఉన్నా సరే, అతనికి ఎవరి దగ్గర నుంచి, ఎప్పుడు, ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చూడాలి. షెడ్యూల్డ్ ప్రాంతం కాని బరంపురం లాంటి చోట్ల కూడా ఎస్సీ, ఎస్టీ యజమాని వేరేవాళ్లకు అమ్మాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద అనుమతి కావాలి, లేకపోతే ఆ రిజిస్ట్రేషన్ చెల్లదు. పట్టాలో జాతి గడి ముందు చూడమన్నది ఇందుకే.

రాయగడలో రైల్వే డివిజన్ భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన అయ్యాక అటువైపు నుంచి నాకు కూడా ఫోన్లు బాగా వచ్చాయి. ఆశ పడొద్దని అనను. రైల్వే వాళ్లకు అద్దె ఇళ్లు కావాలి, అది మంచి పనే. ప్లాట్లు అమ్మిపెట్టమన్నవాడిని మాత్రం ముందు పట్టా నంబరు అడుగు. చెప్పడానికి నసిగితే అక్కడితో సరి.

లైసెన్సు గురించి. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టాలంటే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. లేకుండా చేస్తే రోజుకి పదివేల చొప్పున, ఆ ఆస్తి ధరలో అయిదు శాతం దాకా జరిమానా. ఎవరో తమ సొంత పాత ఇల్లు ఇంకొకరికి అమ్ముకుంటుంటే మధ్యలో ఉండడానికి అది అక్కర్లేదు. లేఔట్ 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 డెసిమల్ దాటినా, అపార్టుమెంటులో ఎనిమిది ఫ్లాట్లు మించినా ప్రాజెక్టుకి రెరా తప్పదు. పొలాన్ని ముక్కలు చేసి రాళ్లు పాతి "ఇది చిన్న వెంచరే, రెరా అక్కర్లేదు" అనేవాళ్లని నమ్మకు, పన్నెండు డెసిమల్ ఎంత ఉంటుందో నువ్వే అడుగులేసి చూసుకో. మన సరిహద్దు వాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆ నమోదు ఒక రాష్ట్రానికే చెల్లుతుంది. ఒడిశాలో నమోదై ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో వెంచరు ప్లాట్లు అమ్మడం కుదరదు, ఆంధ్రా రెరాలో విడిగా చేసుకోవాలి. మొదటి ఏడాది ఒక్క ఒడిశా చాలు నీకు.

కొలతల దగ్గర చాలా గొడవలు చూశాను. డెసిమల్, సెంటు రెండూ ఒకటే, ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు. ఇది తెలియక అటు నుంచి వచ్చినవాళ్లు డెసిమల్ అంటే ఏదో పెద్దదనుకుంటారు. గుంట దగ్గర మాత్రం జాగ్రత్త. తెలంగాణ వాళ్లకు గుంట ఎకరంలో నలభయ్యో వంతు, ఒడిశాలో పాతికో వంతు. హైదరాబాదు నుంచి వచ్చినవాడితో "గుంట ఇంత" అని ధర చెప్పావంటే ఇద్దరూ వేరువేరు స్థలాల గురించి బేరమాడుతున్నట్టే. ఎప్పుడూ డెసిమల్‌లో చెప్పి, పక్కనే గజాల్లో రాసి ఇవ్వు.

రిజిస్ట్రేషన్ ఖర్చు అందరూ అడుగుతారు, వేళ్ల మీద ఉండాలి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకి అయిదు శాతం, ఆడవాళ్లకి నాలుగు, పైన రిజిస్ట్రేషన్ ఫీజు రెండు. ఇరవై లక్షల స్థలం అయ్యగారి పేరున అయితే లక్షా నలభై వేలు, అమ్మగారి పేరున అయితే లక్షా ఇరవై. ఈ ఇరవై వేల ముక్క మొదటి రోజే చెప్పు, ఆ ఇంటి ఇల్లాలు నిన్ను మర్చిపోదు. ఇది నిజంగా నా అనుభవం, నాకు తర్వాత వచ్చిన బేరాల్లో చాలా వంటింట్లో నుంచే వచ్చాయి. సరిహద్దు దాటితే ఆంధ్రాలో అన్నీ కలిపి ఏడున్నర శాతం. ఈ లెక్క బెంచ్‌మార్క్ వాల్యూ (ప్రభుత్వం కట్టిన ధర) మీదా, అసలు ధర మీదా ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు.

వారసుల సంగతి. పిత్రార్జితం అమ్మేటప్పుడు అన్నదమ్ములు నలుగురూ వచ్చి కూర్చుంటారు, అక్కచెల్లెళ్ల మాట ఎవరూ ఎత్తరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఆడపిల్లలకూ సమాన వాటా. ఒకసారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో, స్టాంపు పేపర్లు కొనేసి డ్రాఫ్టు చదివేశాక, నేను మామూలుగా "చెల్లెమ్మగారు రాలేదా?" అన్నాను. అందరూ నేల చూపులు చూశారు. పెద్దాయన "అది పెళ్లయి వైజాగ్‌లో ఉంది, దానికి మేం ఇచ్చింది ఇచ్చేశాం" అన్నాడు. రాసుకున్న కాగితం ఏమైనా ఉందా అంటే లేదు. కొనేవాడు నా మొహం చూశాడు. ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆపించాను, అన్నదమ్ములు నన్ను నానా మాటలూ అన్నారు. పదిహేను రోజులకు ఆ అమ్మాయి రైల్లో వచ్చి సంతకం పెట్టింది, వాటా పుచ్చుకుంది. ఇప్పుడా ప్రశ్న నేను వరండా దాకా రానివ్వను, మొదటి రోజు టీ దగ్గరే అడిగేస్తాను. ఇంటిపేరూ ఊరూ అడిగినంత మామూలుగా అడగాలి. తహసీల్దారు ఇచ్చే వారసుల ధ్రువపత్రం కూడా చూడు.

జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) పట్టుకుని అమ్మేవాళ్ల విషయంలో నాది మొండిపట్టు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కట్టగట్టి చేతిలో పెడితే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. యజమాని దుబాయిలో ఉండి నిజంగానే తమ్ముడికి జీపీఏ ఇచ్చి, దాంతో సేల్‌డీడ్ రాయించే బేరాలూ ఉంటాయి, అవి వేరు. అప్పుడు కూడా దుబాయికి వీడియో కాల్ చేసి యజమాని మొహం చూసి మాట్లాడాకే ముందుకి వెళ్తాను.

తెలుగు రావడం నీకు ఎంత పెద్ద ఆస్తో నువ్వు అనుకోవడం లేదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. పాత ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున తెలుగులో రాసిన దస్తావేజులు ఇంకా దొరుకుతాయి. వాటిని చదవగలిగే కుర్రాళ్లు ఒడియావాళ్లలోనూ లేరు, మనవాళ్లలోనూ తగ్గిపోయారు. గొలుసుకట్టు రాత చదవడం ఎవరైనా పాత దస్తావేజు లేఖరి దగ్గర నేర్చుకో. ఒడియా పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు 'ఆజ్ఞా' (మన 'అండీ' లాంటిది) అను, కాస్త చనువయ్యాక 'మౌసా' (మన 'బాబాయి' లాంటిది) అను. మనవాళ్లతో వరసలు నీకు చెప్పక్కర్లేదు.

రెండు వైపులా తెలిస్తే సీజన్‌లో కూడా లాభమే. ఆషాఢం రాగానే తెలుగువాళ్లు బేరాలు ఆపేస్తారు. అదే ఆషాఢంలో రథయాత్ర ఒడియావాళ్లకి మంచిరోజు. అక్షయ తదియ ఇద్దరికీ పనికొస్తుంది.

కమీషన్ ఎగ్గొట్టడం గురించి భయపడ్డావు. ఎగ్గొడతారు, నాకూ ఎగ్గొట్టారు. నువ్వు స్థలం చూపించిన మర్నాడే కొనేవాడు, అమ్మేవాడు నీ వెనకాల కలుసుకుంటారు. దీనికి నా మందు ఒకటే. స్థలం దగ్గరికి బయల్దేరే ముందు ఇద్దరికీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడతాను: "ఫలానా ప్లాట్ ఈ రోజు ఫలానా వారికి చూపిస్తున్నాను, కుదిరితే నా కమీషన్ ఇంత." అవతలివాళ్లు "సరే" అన్నాకే బండి తీస్తాను. కోర్టు దాకా వెళ్లే పని పడలేదు గానీ, ఆ "సరే" చూపిస్తే ఎగ్గొట్టాలనుకున్నవాడు సగం దాకా దిగుతాడు. అమ్మేవాడికి ఒక ధర, కొనేవాడికి ఇంకో ధర చెప్పి మధ్య తేడా మింగడం మాత్రం చేయకు. మన ఊళ్లు చిన్నవి, రెండేళ్లకి ఆ ఇద్దరూ ఒకే పెళ్లిలో పక్కపక్కన భోజనానికి కూర్చుంటారు.

అడ్వాన్సు నీ చేతికి తీసుకోకు, కొనేవాడి ఖాతా నుంచి అమ్మేవాడి ఖాతాకే వెళ్లాలి. స్థలం అడ్వాన్సు ఇరవై వేలు అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే ఆదాయపు పన్ను వాళ్లు పుచ్చుకున్నవాడి మీద అంత మొత్తమూ జరిమానా వేయగలరు. ఈ సంగతి అమ్మేవాళ్లకి చెప్పావంటే నగదు కోసం పేచీ పెట్టడం మానేస్తారు.

ఆఫీసు వద్దన్నాను కదా, కార్డు మాత్రం కొట్టించుకో. ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు. పేరు, ఫోన్ నంబరు, రెరా నమోదు అయ్యాక ఆ నంబరు కూడా, అది ప్రతి బేరంలో చూపించాల్సిందే. 'ప్రాపర్టీ కన్సల్టెంట్' లాంటివి అక్కర్లేదు. నా కార్డు మీద 'స్థలాలు, ఇళ్లు, అద్దెలు' అని మూడు మాటలే ఉన్నాయి. అందులో 'అద్దెలు' తీసేయమని మా అబ్బాయి ఏటా పోరుతూనే ఉంటాడు.